ఒళ్ళంతా చెవులు చేసుకున్నవారి కంటిపాప

పోయిన మాఘమాసంలో ఒంగోలులో ఒక పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర మా పెద్దమామయ్య పక్కన చోటు దొరికింది. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా చీమకుర్తి గ్రానైటు షెడ్లలో రాయి కోసిన మనిషి. వెనక స్పీకర్లలో పాటలు, నడుమ వడ్డించేవాళ్ళ కేకలు, పక్క బంతిలో పిల్లల గోల. ఎదురు వరుసలోంచి ఆయన పాత స్నేహితుడొకరు ముందుకు వంగి, "అప్పు తీరిందా బావా?" అని అడిగారు. మామయ్య ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశారు, తర్వాత తన విస్తట్లోకి చూసుకున్నారు. "పప్పు ఇప్పుడే వేశారు, చాలు" అన్నారు. వరుస వరుసంతా నవ్వింది. మామయ్యా నవ్వారు. చేతులు కడుక్కున్నాక మాత్రం ఎవరితోనూ చెప్పకుండా మండపం వెనక వేపచెట్టు కిందికి వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"చెవుడూ లేదు, పాడూ లేదు. కావలసినవి మాత్రం బాగానే వినబడతాయి" అంది అత్తయ్య. ఈ మాట పుట్టని ఇల్లు మన వైపు ఉండదేమో. అత్తయ్య దగ్గర రుజువు కూడా ఉంది. ఆరు నెలల కిందట మామయ్యకు వినికిడి పరీక్ష చేయించారు. తలుపులు బిగించిన గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. తర్వాత మాటలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. సన్నని శబ్దాలు కొన్ని తప్పిపోయాయి గానీ మాటలు మాత్రం దాదాపు అన్నీ సరిగ్గానే చెప్పారు. ఇంటికి వచ్చేసరికి తీర్పు ఖరారైపోయింది. మనిషికి అంతా వినబడుతోంది, మనసే పెట్టడం లేదు.

ఆ పరీక్ష అబద్ధం చెప్పలేదు. ఎంత వినబడుతోందని అడిగితే ఎంతో చెప్పింది. విన్నదానికి ఆయన ఎంత ఖర్చు పెట్టారన్నది మాత్రం ఆ కాగితం మీద లేదు. ఇద్దరు మనుషులు ఒకే వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పవచ్చు. ఒకరికి అది ఊపిరి తీసినంత సులువు, మరొకరికి బస్తా మోసినంత పని. మార్కులు ఇద్దరికీ సమానమే. ఈ తేడాకే పరిశోధకులు వినే శ్రమ అని పేరు పెట్టారు. దాన్ని కొలవడానికి వాళ్ళు చెవిని వదిలి కంటిలోకి చూస్తున్నారు. శ్రద్ధగా వినడాన్ని మనం "ఒళ్ళంతా చెవులు చేసుకుని" అంటాం. ఆ ఒళ్ళంతాలో కన్ను కూడా ఉందని ప్రయోగశాలల్లో తేలింది.

ముందు మామయ్య చెవి సంగతి. చీమకుర్తి రాయి ప్రపంచానికి బ్లాక్ గెలాక్సీగా తెలుసు. నల్లరాతిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి కాబట్టి ఆ పేరు. ఆ మెరుపు పైకి తేలాలంటే రంపాలు రాతిని గంటల తరబడి కొయ్యాలి, మెరుగుపెట్టే యంత్రాలు గీయాలి. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల పనిదినానికి 90 డెసిబెల్స్ హద్దు. మామయ్య రోజుల్లో చెవికి రక్షణ అంటే చెవిలో దోపుకున్న దూది. రాయి కోసే రంపాల మోత లాంటిది ఏళ్ళ తరబడి చెవిన పడితే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలు చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. అదీ అన్నీ ఒక్కసారి పోవు. ముందుగా దెబ్బ తినేవి 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్న కీచు శబ్దాలను పట్టేవి.

మాటలో అచ్చుల బలం తక్కువ హెర్ట్జ్‌లలో ఉంటుంది. క, చ, త, ప, స లాంటి హల్లుల ఆనవాళ్ళు చాలావరకు పై హెర్ట్జ్‌లలో, అదీ బలహీనంగా ఉంటాయి. అందుకే ఇలాంటి వాళ్ళు "గొంతు వినబడుతోంది, మాట తెలియడం లేదు" అంటారు. మనది అజంత భాష కదా, అచ్చులన్నీ చెవిన పడుతూనే ఉంటాయి. మాట నడక, రాగం, ఎవరి గొంతు అన్నది అంతా తెలుస్తుంది. అర్థాన్ని నిలబెట్టే చిన్న హల్లు మాత్రం జారిపోతుంది. అప్పు, పప్పు, తప్పు, కప్పు: మొదటి హల్లు ఉందో లేదో, ఉంటే ఏదో తెలియకపోతే నాలుగూ ఒకటే. అప్పుడు బుర్ర ఏమి చేయాలి? విన్న మసక శబ్దాన్ని జ్ఞాపకంలో పట్టుకుని ఉంచాలి, సరిపోయే మాటలన్నింటినీ వరుసగా పెట్టి చూడాలి, సందర్భాన్ని బట్టి ఒకటి ఎంచుకోవాలి. ఈలోగా ఎదుటివారు తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోతారు. నన్నడిగితే మామయ్య ఎంపిక తెలివైనదే. ముందు విస్తరి ఉంది, విస్తట్లో పప్పు ఉంది. ఆ చోట అప్పు సంగతి ఎత్తినవారిదే తప్పు.

ఇక కన్ను. నల్లగుడ్డు నడుమ ఉన్న ఆ చిన్న రంధ్రాన్ని మనం పాప అన్నాం. ఎదుటివారి కంట్లోకి చూస్తే అందులో మన చిన్న ప్రతిబింబమే బొమ్మలా కనిపిస్తుంది, అందుకేనేమో. లాటిన్‌లో దాని పేరు ప్యుపిల్లా, అంటే చిన్న బొమ్మ, చిన్న పాప. సంస్కృతం కనీనికలోనూ చిన్నపిల్లే దాక్కుని ఉంది. ఈ పాప చుట్టూ రెండు కండరాలు పనిచేస్తాయి. ఒకటి వలయంలా చుట్టుకుని సంచి మూతి బిగించినట్టు పాపను చిన్నది చేస్తుంది. రెండోది చక్రం ఆకుల్లా పరుచుకుని బయటికి లాగి పెద్దది చేస్తుంది. వెలుతురు పడితే మొదటిది బిగుస్తుంది. మనసు ఏదైనా పనిలో పడితే రెండోది లాగుతుంది, మొదటిది కూడా కాస్త పట్టు వదులుతుంది. ఇది మన చేతుల్లో లేదు. నవ్వును నటించవచ్చు, తలాడింపును నటించవచ్చు. కంటిపాపను మాత్రం కావాలని పెద్దది చేయడం సామాన్యులకు సాధ్యం కాదు.

ఈ లాగుడు వెనక మెదడు కాండంలో ఉన్న ఒక చిన్న కణాల గుంపు పేరు తరచు వినిపిస్తుంది. లోకస్ సెరూలియస్ అంటారు, లాటిన్‌లో నీలి చోటు అని అర్థం. అప్రమత్తంగా ఉండవలసి వచ్చినప్పుడు అది మెదడంతటికీ నోరడ్రినలిన్ అనే రసాయనాన్ని పంపుతుంది. కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ కణాలు చురుకైనప్పుడు కంటిపాప కూడా కదలడం కనిపించింది. అయితే ఆ రెండింటి మధ్య ఒకే తాడు కట్టి ఉందని అనుకోకూడదు. పాపను కదిలించే చోట్లు మెదడులో ఇంకా ఉన్నాయి.

కంటిపాప మనసు పనిని చూపిస్తుందన్న సంగతి చెవి పరిశోధకుల కన్నా చాలా ముందే బయటపడింది. అమెరికా మనస్తత్వవేత్త ఎక్‌హార్డ్ హెస్ ఒక రాత్రి జంతువుల బొమ్మల పుస్తకం చూస్తుంటే, ఆయన కంటిపాపలు మామూలుకన్నా పెద్దవిగా ఉన్నాయని భార్య గమనించిందట. 1964లో హెస్, జేమ్స్ పోల్ట్ కలిసి ఐదుగురిని కూర్చోబెట్టి గుణకారాలు అడిగారు. ఏడు ఎనిమిదులు అడిగితే పాప కొంచెం విప్పారింది. పదహారు ఇరవై మూళ్ళు అడిగితే ఇంకా విప్పారింది. జవాబు చెప్పగానే తగ్గిపోయింది. రెండేళ్ళ తర్వాత 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ మరో అడుగు వేశారు. కానెమన్ అంటే 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆయనే. సెకనుకు ఒక అంకె చొప్పున వినిపించి గుర్తు పెట్టుకోమన్నారు. ఒక్కో అంకె పడుతున్నకొద్దీ పాప పెరిగింది, తిరిగి చెబుతుంటే ఒక్కో అంకెకూ తగ్గుతూ వచ్చింది. బిందె నిండడాన్నీ వంపడాన్నీ పక్కన నిలబడి చూసినట్టే.

ఆ ప్రయోగాల్లో కానెమన్ గమనించిన ఇంకో విషయం మనకు తర్వాత పనికొస్తుంది. పని మరీ భారమైనప్పుడు మనిషి మధ్యలో చేతులెత్తేస్తాడు. ఆ క్షణంలో పాప పెరగడం ఆగిపోతుంది, తగ్గుతుంది కూడా. "ఇప్పుడే ఎందుకు ఆపేశారు?" అని అడిగితే ఎదుటివాళ్ళు ఆశ్చర్యపోయేవారట, మీకెలా తెలిసిందని.

ఇదంతా చదివి నేను ఊరుకోలేదు. మా తమ్ముడి కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, "పదిహేడు పదహార్లు ఎంత?" అని అడిగి కళ్ళలోకి చూశాను. ఏమీ కనబడలేదు. మనవి నల్లని కళ్ళు. పాప ఎక్కడ ముగిసిందో, దాని చుట్టూ ఉన్న నల్లగుడ్డు ఎక్కడ మొదలైందో తెలిస్తే కదా. సరేనని ఫోను టార్చి వేశాను. వెలుతురు పడగానే పాప గింజంత అయిపోయింది. "272, పెదనాన్నా. కళ్ళు మండుతున్నాయి, ఆపండి" అంది ఆ పిల్ల.

నా అవస్థలో ఈ విద్యలోని కష్టాలు రెండూ ఉన్నాయి. మొదటిదాన్ని పరారుణ కాంతితో దాటారు. మన కంటికి కనబడని ఆ కాంతిలో నల్లని కళ్ళ రంగుపొర కూడా లేతగా కనిపిస్తుంది, మధ్యలో పాప మాత్రం నల్లగా, అంచు స్పష్టంగా నిలుస్తుంది. ఆ కాంతికి పాప ముడుచుకోదు కూడా. రెండో కష్టం అంత తేలికగా పోదు. మిట్టమధ్యాహ్నం నెల్లూరు ఎండలో పాప దాదాపు 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చిమ్మచీకటిలో 8 దాకా తెరుచుకోగలదు. వినే శ్రమ వల్ల వచ్చే తేడా సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. నోటుపుస్తకంలో రెండు మూడు కాగితాల మందం అనుకోండి. ఇంత చిన్న మార్పు కోసం వెతికేటప్పుడు గదిలో ఒక్క దీపం మారినా, తెర మీద బొమ్మ కాస్త తెల్లబడినా లెక్క మొత్తం మునిగిపోతుంది.

అందుకే ప్రయోగం చూడటానికి మహా విసుగ్గా ఉంటుంది. గదిలో వెలుతురు మారదు. అది మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు, పాప పెరగడానికీ తగ్గడానికీ చోటుండాలి. వచ్చినవారు గడ్డం ఆనించుకుని, ఎదురుగా తెర మీద ఉన్న చిన్న గుర్తును చూస్తూ కూర్చుంటారు. చూపు పక్కకు పోతే కెమెరాకు గుండ్రని పాప కోలగా కనబడి కొలత తప్పుతుంది. హెడ్‌ఫోన్లలో ముందు రొద మొదలవుతుంది. రెండు మూడు సెకన్ల తర్వాత ఆ రొదలోనే ఒక వాక్యం వస్తుంది. వాక్యం అయిపోయినా రొద మరో రెండు మూడు సెకన్లు సాగుతుంది. అది ఆగాక విన్నది తిరిగి చెప్పాలి. ఆ ఖాళీ సెకన్లు ఎందుకంటే పాప నిదానస్తురాలు. చెవిన పడినదానికి అది పూర్తిగా విప్పారడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. పైగా నోరు తెరిచి మాట్లాడటం కూడా పాపను కదిలిస్తుంది, దాన్ని వినికిడి లెక్కలో కలపకూడదు.

వాక్యం మొదలయ్యే ముందు సెకనులో పాప ఎంత ఉందో అదే మొదలు గీత. అక్కడి నుంచి ఎంత ఎత్తుకు లేచింది, ఎంత సేపటికి లేచింది అన్నవే అసలు కొలతలు. రెప్ప వేసినప్పుడల్లా కొలత తెగిపోతుంది. ఆ తెగిన చోటును అటూ ఇటూ ఉన్న విలువలతో అతుకుతారు. అతుకులు మరీ ఎక్కువైన వాక్యాన్ని పక్కన పడేస్తారు. ఒక్క వాక్యంతో ఏమీ తేలదు. ఒక్కో పరిస్థితికి ఇరవై, పాతిక వాక్యాలు వినిపించి సగటు తీస్తే అప్పుడు గీత కాస్త నమ్మదగినట్టు కనిపిస్తుంది.

వినికిడి రంగంలో ఈ పనికి పునాది వేసినవాళ్ళలో ఆమ్‌స్టర్‌డామ్ బృందం ముఖ్యమైనది. సోఫియా క్రామర్ 1997లోనే దీన్ని ప్రయత్నించారు. 2010లో అడ్రియానా జెక్వెల్డ్, క్రామర్, యూస్ట్ ఫెస్టెన్ వినికిడి బాగున్న యువకులకు వాక్యాలను రొదలో కలిపి వినిపించారు. రొదను సర్ది, ఒకసారి సగం వాక్యాలు, ఒకసారి 71 శాతం, ఒకసారి 84 శాతం అర్థమయ్యేలా చేశారు. అర్థం కావడం తగ్గేకొద్దీ పాప పెద్దదైంది. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. మరుసటి ఏడాది వినికిడి తగ్గిన నడివయసువాళ్ళను కూడా కూర్చోబెట్టినప్పుడు తేలిన సంగతి నన్ను కుదిపింది. రొద తగ్గించి పని సులువు చేస్తే వినికిడి బాగున్నవాళ్ళ పాప ఊరట చెందినట్టు బాగా తగ్గింది. వినికిడి తగ్గినవాళ్ళలో ఆ ఊరట అంతగా కనబడలేదు. ఎక్కువ వాక్యాలు సరిగ్గా చెబుతున్నా బరువు దిగలేదు.

అన్ని రొదలూ ఒకటి కావు. ఫ్యాను హోరు ఒక రకం, పక్కవాడి మాట మరో రకం. 2012లో అదే బృందానికి చెందిన థామస్ కూలవైన్ ఈ రెండింటినీ పోల్చారు. ఒకసారి ఉత్త హోరు, ఒకసారి ఇంకో మనిషి గొంతు అడ్డుపెట్టి, రెండింటిలోనూ అర్థమయ్యే శాతం సమానంగా ఉండేలా సర్దారు. మార్కులు సమానం. పాప మాత్రం రెండో మనిషి గొంతు ఉన్నప్పుడే ఎక్కువ విప్పారింది. హోరును తోసేస్తే చాలు, మాటను తోసెయ్యాలంటే ముందు అది మాటని గుర్తించాలి, అది మనది కాదని తేల్చుకోవాలి. నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్ళినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఒకరు విద్య రొట్టె అంటారు, ఒకరు ఉద్యోగ రొట్టె అంటారు, ఇంకొకరు పెళ్ళి రొట్టె అంటారు. నలువైపులా అవే మాటలు, అలాంటి గొంతులే. అందులోంచి మనకు కావలసిన రొట్టె పేరు పలికిన గొంతును ఏరుకోవాలి. వినికిడి బాగున్నవాళ్ళే సాయంత్రానికి తల పట్టుకుంటారు. విందులో ఒక్క గొంతును ఎలా ఏరుకుంటామన్న ఈ ప్రశ్నను 1953లోనే కోలిన్ చెర్రీ అనే ఆయన శాస్త్రం ముందు పెట్టారు. దానికి ఎంత ఖర్చవుతుందో చూడటానికి కంటిపాప అక్కరకొచ్చింది.

వినికిడి యంత్రాలు చేసేవాళ్ళకు కూడా దీని మీద కన్ను పడింది, సహజమే. డెన్మార్క్‌లోని ఎరిక్స్‌హోమ్ పరిశోధన కేంద్రం యంత్రాలు తయారుచేసే ఓటికాన్ సంస్థకు చెందినదే. అక్కడి డొరోథియా వెండ్ట్, తోటివారు 2017లో రొదను తగ్గించే ఏర్పాటును పరీక్షించారు. వాక్యాల్లో 95 శాతం ఎలాగూ అర్థమవుతున్న చోట ఆ ఏర్పాటు ఉన్నా లేకున్నా మార్కుల్లో తేడా చూపడానికి చోటే లేదు. అక్కడ కూడా ఏర్పాటు పనిచేస్తున్నప్పుడు పాప విప్పారడం తగ్గింది. అమ్ముకునేవాళ్ళ ఇంటి నుంచి వచ్చిన ఫలితం కాబట్టి కాస్త ఆచితూచి తీసుకోవలసిందే. అయినా దాని వెనకున్న ఆలోచన గట్టిది. మార్కులు నిండిపోయిన చోట కూడా మనిషికి కలిగిన మేలును చూడటానికి ఇంకో కొలత దొరికింది.

అమెరికాలో మాథ్యూ విన్, ఆయనతో పనిచేసినవారు పప్పు దగ్గరికే వచ్చారు. వాక్యంలో ఒక మాటను చెరిపేస్తారు, తర్వాత వచ్చే మాటలను బట్టి దాన్ని పూరించుకోవచ్చు. కాక్లియర్ ఇంప్లాంటు, అంటే ఆపరేషనుతో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెట్టుకున్నవాళ్ళు దాన్ని సరిగ్గానే పూరించి వాక్యం అప్పజెప్పారు. మార్కుల పట్టికలో అది మామూలు వాక్యమే. పాప మాత్రం వాక్యం అయిపోయిన తర్వాత కూడా దిగకుండా విప్పారే ఉంది. అంటే మరమ్మతు పని వెనక సాగుతూనే ఉంది. ఇలా మరమ్మతు చేసుకుంటుండగా ఎదుటివారు తర్వాతి వాక్యం మొదలుపెడితే? ప్రయోగశాలలో మూడు సెకన్ల ఖాళీ ఇస్తారు. పెళ్ళి బంతిలో ఎవరిస్తారు?

ఇంతవరకు లెక్క తిన్నగానే ఉంది: శ్రమ పెరిగితే పాప పెద్దది. ఇక్కడే చిక్కు. 2017లో బార్బరా ఓలెన్‌ఫోర్స్ట్, సహచరులు రొదను రెండు మూడు మెట్లలో కాకుండా చాలా మెట్లలో మార్చి చూశారు. నిశ్శబ్దానికి దగ్గరగా పాప చిన్నది. రొద పెరిగేకొద్దీ పెద్దదైంది. సగం సగం అర్థమయ్యే చోటికి దగ్గరగా శిఖరం. ఆ తర్వాత రొద ఇంకా పెరిగితే పాప మళ్ళీ చిన్నదైంది. గీత కొండలా ఉంది. వినికిడి తగ్గినవాళ్ళలో ఈ కొండ అంత ఎత్తుగా లేదు, మెట్టలా పరుచుకుంది. కొండకు అటువైపు జరిగింది కానెమన్ చూసిందే. ఇక తెలియదని బుర్ర చేతులెత్తేసింది.

కాబట్టి చిన్న పాపకు రెండు అర్థాలు. హాయిగా వింటున్నవారి పాపా చిన్నదే, ఆశ వదులుకున్నవారి పాపా చిన్నదే. కెమెరా ఈ ఇద్దరినీ విడదీయలేదు. పక్కన మార్కులు కూడా పెట్టుకుని చూస్తే తప్ప ఎటువైపు వాలులో ఉన్నారో తెలియదు. రోజువారీ అలసట నుంచి తేరుకోవడం కష్టంగా ఉందని చెప్పినవాళ్ళ పాప పరీక్షలో తక్కువగా విప్పారిందని 2018లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచే మరో పరిశీలన వచ్చింది. అలసిన ఎద్దు బండి లాగడం మానేస్తే బండి తేలికైనట్టా?

అత్తయ్య మాటకు జవాబు కూడా ఈ కొండ దగ్గరే ఉంది. 2016లో క్యాథ్లీన్ పికోరా-ఫుల్లర్ నాయకత్వంలో కొందరు పరిశోధకులు వినే శ్రమకు ఒక చట్రం గీశారు. శ్రమ అనేది వినవలసినది ఎంత కష్టంగా ఉందన్న దాని మీదే ఆధారపడదు, విని తీరాలన్న కోరిక ఎంతుందన్న దాని మీద కూడా ఆధారపడుతుందని అందులో చెప్పారు. సరిగ్గా చెబితే ఇచ్చే డబ్బు పెంచినప్పుడు వింటున్నవారి పాప మరింత విప్పారిందని కూలవైన్ బృందం 2018లో చూపించింది కూడా. అంటే "కావలసినవి మాత్రం వినబడతాయి" అన్నది అక్షరాలా నిజం. నిందగా మాత్రం తప్పు. జేబులో వంద రూపాయలున్న మనిషి మందులకు పెట్టి, మిఠాయి మానుకుంటే డబ్బు దాచుకున్నాడని అనం. మనవరాలు ఫోనులో ఏమి చెబుతోందో వినడానికి మామయ్య ఉన్నదంతా ఖర్చు పెడతారు. మిక్సీ తిరుగుతుండగా వంటింట్లోంచి అత్తయ్య "కరివేపాకు తెచ్చారా?" అని అడిగేసరికి జేబు ఖాళీ.

ఇక్కడితో ఉత్సాహపడి ఒంగోలులోనో నెల్లూరులోనో ఏ వినికిడి కేంద్రానికో వెళ్ళి కంటిపాప పరీక్ష చేయమని అడగకండి. ఇవన్నీ గుంపుల సగటుల మీద తేలిన సంగతులు. ఒక మనిషిని కూర్చోబెట్టి మీ శ్రమ ఇంత అని అంకె చెప్పే స్థితికి ఇది రాలేదు. వయసు పైబడితే పాప దానంతట అదే చిన్నదవుతుంది, కదలికా తగ్గుతుంది. ఏళ్ళ తరబడి షుగరు ఉంటే పాపను నడిపే నరాలు దెబ్బ తినవచ్చు. ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్ మాత్ర పాపను విప్పే కండరాన్నే సడలిస్తుంది. శుక్లాల ఆపరేషనుకు ముందు కంటి డాక్టర్లు ఆ మాత్ర గురించి ప్రత్యేకంగా అడిగేది అందుకే. కాఫీ, భయం, కోపం, ఎవరో తలుపు తీసిన చప్పుడు, అన్నింటికీ పాప కదులుతుంది. మామయ్యకు అరవై ఎనిమిదేళ్ళు, షుగరు, రాత్రిపూట ఒక ప్రోస్టేటు మాత్ర. వినికిడి పరిశోధన ఎవరి కోసమో వాళ్ళ కళ్ళే ఈ కొలతకు అన్నిటికన్నా మొండికేస్తాయి. ఇదొక వింత.

పైగా మనిషి నోటితో చెప్పిన శ్రమకూ పాప చూపిన శ్రమకూ చాలాసార్లు పొంతన కుదరదు. మెదడు తరంగాలతో కొలిచినా, వింటూ ఇంకో పని కూడా చేయించి కొలిచినా, ఆ కొలతలు ఒకదానితో ఒకటి అంతగా కలవవు. కొందరు దీన్ని విద్య లోపంగా చూస్తారు. నాకు అలా అనిపించదు. మోసే బస్తా ఒకటే అయినా నడుం నొప్పి, చెమట, ఆయాసం ఒకే లెక్కన రావు కదా. శ్రమ అని ఒకే పేరు పెట్టుకుని మనమే నాలుగైదు వేరు వేరు సంగతులను కలిపి కట్టామేమో.

కేంద్రాల్లో ఇప్పటికిప్పుడు అడగగలిగింది ఒకటుంది. నిశ్శబ్దమైన గదిలో మాటలు చెప్పించడంతో ఆపకుండా, రొదలో కూడా మాటలు వినిపించి చూడమనవచ్చు. కొన్ని చోట్ల చేస్తారు. ఇంట్లో చేయగలిగింది ఇంకా సులువు. ఆరుబయట రెండు మీటర్ల దూరం నుంచి ఒక మీటరుకు జరిగితే చాలు, మాట 6 డెసిబెల్స్ బలంగా చేరుతుంది. వెనకున్న రొద పెరగదు. ఆరు డెసిబెల్స్ అంటే వినికిడి తగ్గినవారికి చిన్న తేడా కాదు. అరవడం దీనికి బదులు కాదు. అరిస్తే అచ్చులు పెరుగుతాయి గానీ పోయిన హల్లులు పోయినట్టే ఉంటాయి.

ఆ రోజు నేనూ ఒక కుర్చీ తీసుకుని వేపచెట్టు కిందికి వెళ్ళాను. మండపం గోడ అడ్డుగా ఉండటంతో పాటలు అక్కడికి లీలగానే వస్తున్నాయి. మామయ్య కళ్ళు మూసుకుని ఉన్నారు. అలికిడికి తెరిచారు.

"వాడు అడిగింది అప్పు గురించని చేతులు కడుక్కునేటప్పుడు తట్టిందిరా" అన్నారు. "అప్పటికి వాడు వెళ్ళిపోయాడు."

కుర్చీ ఆయన మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా జరుపుకుని, మామూలు గొంతుతోనే అడిగాను. "ఇంతకీ తీరిందా, మామయ్యా?"

"ఆ, దీపావళికే కట్టేశాను" అన్నారు.